సైలెన్సర్ చిల్లిపడింది, కొత్త పైపు ఇంట్లోనే బిగించుకోవచ్చా?

ప్రశ్న: నాది 2018 మోడల్ 350 బుల్లెట్, కార్బురేటర్ బండి. ఉండేది మైపాడు దగ్గర. బండి తిరిగేది ఎక్కువగా రొయ్యల గుంటల దాకా, బజారు దాకా. నెల్లూరు పొయ్యేది వారానికొకసారి. సైలెన్సర్ అడుగు తుప్పు తినేసి వేలు దూరేంత చిల్లి పడింది. దాని బదులు బెండ్ పైపుతో (ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వంగి వచ్చే గొట్టం) సహా వచ్చే పొట్టి సైలెన్సర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఇంటి దగ్గరే బిగించుకుందామని. తెలిసినాయన ‘గాస్కెట్ ఎందుకబ్బయ్యా, సిలికాన్ పూసి బిగించు చాలు’ అంటున్నాడు. ఇంకొకాయన ఇది వేస్తే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపాకాయలు పేలినట్టు పేలుద్దంటాడు. పోలీసుల భయం సరేసరి. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

సమాధానం: పోలీసుల సంగతి ముందు చూద్దాం. పైపు బిగించాక దాన్ని గురించి ఆలోచించి లాభం లేదు. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190(2) పడుతుంది: మొదటిసారి 10,000 దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ, వాటితోపాటు 3 నెలలు లైసెన్సు పోతుంది. 175 సీసీ దాటిన బైకుకు తయారీలో పెట్టిన శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. పైపు మీద ‘రేసింగ్‌కు మాత్రమే’ అని చెక్కి ఉంటే, ఆ అక్షరాలు కాపాడేది అమ్మినవాణ్ణి. రోడ్డు మీద ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

కాబట్టి బిగించేముందు మీ చేతిలో ఉన్నదేమిటో చూడండి. కొత్త సైలెన్సర్ వెనక నుంచి టార్చి వెయ్యండి. వెలుతురు తిన్నగా ముందు మూతిలోంచి వస్తే అది చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ చుట్టిన రకం. దాని మూతిలో బిగించే శబ్దం తగ్గించే చిన్న బ్యాఫిల్ ముక్క (డీబీ కిల్లర్ అంటారు) విడిగా వచ్చి ఉంటుంది. అదీ లేకపోతే ఆ పైపు వీధిలో తిప్పే వస్తువు కాదు, తిప్పి పంపెయ్యండి. పాత బెండ్ పైపులోకి, పాత సైలెన్సర్ మూతిలోకి కూడా టార్చి వేసి చూడండి. తేనెపట్టులా సన్న గదులు కనిపిస్తే అది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. కొన్ని బళ్ళలో బెండ్ పైపులో ఉంటుంది, కొన్నింటిలో సైలెన్సర్‌లో. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేకపోతే ఇక వేరే మాట లేదు, ఒరిజినల్ సైలెన్సరే కొనండి.

నిజానికి మీ అవసరం చిల్లి పోవడమే అయితే మేం చెప్పేదీ అదే, ఒరిజినల్ తెచ్చుకోండి. శబ్దం తగ్గుతుంది, కార్బురేటర్ జోలికి పోనక్కర్లేదు, తనిఖీలో భయం లేదు. ఏది తెచ్చుకున్నా విప్పే పద్ధతి, బిగించే పద్ధతి ఒకటే.

ఈ పనిలో చెడితే చెడేది రెండు చోట్ల. ఒకటి, ఇంజన్ హెడ్డులో ఉన్న రెండు స్టడ్లు (తల లేని బోల్టులు, పైపును పట్టే నట్లు వీటి మీదే ఎక్కుతాయి). రెండోది, పైపును లాగిపట్టి బలవంతంగా బిగించడం. మిగతాదంతా నట్లు తిప్పడమే.

స్టడ్ల సంగతి. మీ ఊరి గాలికి ఆ నట్లు తుప్పుతో స్టడ్డుకు అతుక్కుపోయి ఉంటాయి. అల్యూమినియం హెడ్డులో ఇనప స్టడ్డు, పైన సముద్రపు ఉప్పు, రోజూ వేడెక్కి చల్లారడం. ఇవన్నీ కలిసినచోట నట్టును ఒక్కసారిగా తిప్పితే స్టడ్డు మొదట్లో విరుగుతుంది. అందుకని ముందురోజు రాత్రి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, తుప్పు వదిలించే స్ప్రే రెండు నట్ల మొదట్లో కొట్టండి. వైరు బ్రష్షుతో మరలు రుద్ది మళ్ళీ కొట్టండి. పొద్దున ఇంకోసారి. కాలుతున్న పైపు మీద మాత్రం కొట్టొద్దు, ఆ నూనె అంటుకుంటుంది.

స్పానర్ ఎంచుకోవడం చిన్న విషయంలా కనబడుతుంది. ఓపెన్ స్పానర్ అయితే తుప్పు తిన్న నట్టు మూలలు గుండ్రమైపోతాయి. ఆరు మూలల సాకెట్ గానీ, బిగుతుగా కూర్చునే రింగు స్పానర్ గానీ వాడండి. నట్టు 10 నంబరు అయితే స్టడ్డు ఎం6, 12 లేదా 13 అయితే ఎం8. విప్పేముందు ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పండి. ‘టక్’మని తుప్పు పట్టు వదులుతుంది. తర్వాత పావుచుట్టు విప్పి, కాస్త వెనక్కి బిగించి, మళ్ళీ పావుచుట్టు. అలా ముందుకూ వెనక్కీ ఆడిస్తూ తీస్తే మరల్లో తుప్పు పొడిగా రాలిపోతుంది. మధ్యలో బిగుసుకుంటే స్ప్రే కొట్టి ఓ అరగంట వదిలేయండి. బలం పెంచడానికి స్పానర్‌కు గొట్టం తగిలించారంటే స్టడ్డు విరిగినట్టే.

నట్టుతోపాటు స్టడ్డే ఊడి వస్తే కంగారొద్దు, కొత్త స్టడ్డు వేస్తే సరి. లోపల విరిగిపోతే మాత్రం చేతి డ్రిల్లు తీసి రంధ్రం వెయ్యొద్దు. ఇనుము గట్టిది, చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తన. డ్రిల్లు పక్కకు జారి హెడ్డునే తొలిచేస్తుంది. బండిని ఆటోనగర్‌లో ఏదైనా లేతు షెడ్డుకు తోలుకుపోతే, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పి తీస్తారు. ఆ వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు కూడా వదులుతుంది. మరలు పాడైతే హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) వేస్తారు.

విప్పే వరస: బండిని సమనేల మీద డబుల్ స్టాండు వేసి, ముందు సైలెన్సర్ బెండ్ పైపుకు కలిసేచోట క్లాంపు వదులు చెయ్యండి. తర్వాత ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టు. ఆ బోల్టు తీసేటప్పుడు సైలెన్సర్ కింద ఒక ఇటుకో చెక్కో పెట్టండి. లేకపోతే బరువంతా బెండ్ పైపు మీద వేలాడి, అది వెళ్ళి స్టడ్ల మీద పడుతుంది. సైలెన్సర్‌ను అటూ ఇటూ మెలితిప్పుతూ వెనక్కి లాగితే వస్తుంది. చివర్లో హెడ్డు నట్లు. బోల్టు దగ్గర రబ్బరు బుష్షు, దాని లోపల ఇనప కాలరు ఉంటాయి. పారేసే పైపుతోపాటు వాటినీ పారేసేవాళ్ళు చాలామంది. జేబులో వేసుకోండి.

ఇప్పుడు గాస్కెట్. పాత గాస్కెట్ రింగు హెడ్డు పోర్టులో (పొగ బయటికొచ్చే రంధ్రం) అతుక్కుని, మసిపట్టి, అదీ హెడ్డులో భాగమేమో అనిపించేలా ఉంటుంది. టార్చి వేసి చూసి, సన్న స్క్రూడ్రైవర్ కొసతో అంచు లేపి తియ్యండి. పోర్టు గోడకు గీత పడకూడదు. పాతది ఉన్నదని గమనించక కొత్తది దానిమీద పెడితే పైపు ఫ్లాంజి (హెడ్డుకు ఆనే పట్టీ) పూర్తిగా కూర్చోదు. ఎంత బిగించినా లీకు పోదు, బిగించేకొద్దీ స్టడ్డు వంగుతుంది. ఆ గాస్కెట్ నలిగి ఖాళీని పూడ్చడానికే చేసింది. ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయినట్టే, మళ్ళీ వాడకూడదు. కొనేటప్పుడు పాతదాన్ని తీసుకుపోయి, బయటి కొలత, మందం పోల్చి తెచ్చుకోండి.

మీకు సలహా ఇచ్చినాయన చెప్పిన సిలికాన్ మాట: ఆ ఎర్ర సిలికాన్ 300 డిగ్రీల చుట్టుపక్కల దాకా తట్టుకుంటుంది. పోర్టు దగ్గర పొగ వేడి అంతకన్నా చాలా ఎక్కువ. నాలుగు రోజులకు బూడిదై రాలుతుంది. ఎంసీల్ లాంటి ముద్దలైతే అంతకన్నా ముందే మెత్తబడతాయి. వెనక క్లాంపు జాయింటు దగ్గర కావాలంటే ఎగ్జాస్ట్ పేస్టు అని అమ్మేది పల్చగా పూసుకోవచ్చు. హెడ్డు దగ్గర మాత్రం గాస్కెట్టే.

బిగించేముందు నేల మీదే రెండు పైపులూ కలిపి చూడండి. బెండ్ పైపు సైలెన్సర్ మూతిలోకి కనీసం 35–40 మిల్లీమీటర్లు పోవాలి. సైలెన్సర్ మూతికి కోసిన గాట్లు ఉంటాయి. లోపలి పైపు ఆ గాట్లు దాటి ముందుకు పోకపోతే గాటులోంచే పొగ వస్తుంది, క్లాంపు ఎంత బిగించినా. వెర్నియర్ (సన్న కొలతలు చూసే పరికరం) ఉంటే బెండ్ పైపు బయటి కొలత, సైలెన్సర్ మూతి లోపలి కొలత చూడండి. అర మిల్లీమీటరు తేడాను క్లాంపు నొక్కిపెడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు వదులుంటే లేతులో స్లీవు (మధ్యలో దూర్చే గొట్టం ముక్క) చేయించాలి. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి చుట్టడం అందరికీ తెలిసిన ఉపాయమే, ఆ రేకు అదురుకు వారంలో చిరిగిపోవడమూ అందరికీ తెలిసిందే.

స్టడ్ల మరలు శుభ్రం చేసి, రాగి గ్రీజు ఒక చుక్క రాయండి. మళ్ళీ విప్పేరోజున చేతులెత్తి మొక్కుతారు. కొత్త గాస్కెట్ పోర్టులో కూర్చోబెట్టండి. కింద పడిపోతుంటే అదే గ్రీజు చుక్క పట్టి ఉంచుతుంది. బెండ్ పైపు పెట్టి రెండు నట్లూ వేళ్ళతో తిరిగినంత తిప్పి వదిలెయ్యండి. సైలెన్సర్ ఎక్కించండి, క్లాంపు వదులుగా వెయ్యండి, వెనక బోల్టు కూడా రెండు చుట్లు తిప్పి వదిలెయ్యండి. ఒక్క నట్టునూ ఇంకా బిగించొద్దు.

ఇక్కడ ఆగి చూడాలి. వెనక బ్రాకెట్ రంధ్రం, ఛాసిస్ రంధ్రం వాటంతటవే ఎదురెదురుగా రావాలి. పక్కకు రెండు మూడు మిల్లీమీటర్ల సందుంటే వాషర్లు వేసి పూడ్చండి. వేలు మందం సందుంటే ఆ బ్రాకెట్ మీ బండిది కాదు. దాన్ని లాగిపట్టి బోల్టు దూర్చితే కూర్చుంటుంది, కానీ ఆ లాగుడంతా రాత్రింబగళ్ళు హెడ్డు స్టడ్ల మీదే ఉంటుంది. ఒంటి సిలిండర్ ఇంజన్ అదురు తోడైతే నెలా రెణ్ణెల్లలో బ్రాకెట్ వెల్డింగ్ పగులుతుంది, లేదా స్టడ్డు విరుగుతుంది, లేదా గాస్కెట్ లీకవుతుంది. జనం ‘ఆ పైపు నాసిరకం’ అంటారు. చాలాసార్లు పైపులో తప్పేమీ ఉండదు. పాత రబ్బరు బుష్షు, కాలరు ఇక్కడే మళ్ళీ పడాలి. కాలరు వెయ్యకపోతే బోల్టు రబ్బరును నలిపేస్తుంది, నలిగిన రబ్బరు అదురును ఆపదు.

అలాగే బ్రేకు పెడలు పూర్తిగా తొక్కి చూడండి, పైపుకు తగలకూడదు. వెనక చక్రం ఇరుసు బయటికి లాగే దారికి సైలెన్సర్ అడ్డం వస్తే, పంక్చరు పడ్డ ప్రతిసారీ సైలెన్సర్ విప్పాలి. పొట్టి పైపులతో ఇంకో బెడద ఉంది. పొగ మూతి వెనక కూర్చున్నవాళ్ళ మడమ దగ్గరికొస్తుంది. ఇంట్లో పిల్లలు ఎక్కే బండైతే కాలు తగిలేచోట రేకు షీల్డు బిగించండి.

అంతా సరిపోయాకే బిగింపు, ముందు నుంచి వెనక్కి. మొదట హెడ్డు నట్లు: ఇటు అరచుట్టు, అటు అరచుట్టు, ఫ్లాంజికీ హెడ్డుకూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండేలా. ఒకటి పూర్తిగా బిగించి రెండోది మొదలుపెడితే ఫ్లాంజి ఒరిగి గాస్కెట్ ఒకవైపే నలుగుతుంది. బిగింపు లెక్క బండి సర్వీసు పుస్తకంలో ఉంటే అదే పాటించండి. లేకపోతే మామూలుగా ఎం8కి 20–22 న్యూటన్ మీటర్లు, ఎం6కి 10 చాలు. టార్కు రెంచి లేనివాళ్ళకు ఇంకో లెక్క: 15 సెంటీమీటర్ల స్పానర్ కొస పట్టుకుని ఎం8కి ఇంచుమించు 15 కిలోల బరువు ఎత్తేంత, ఎం6కి దాంట్లో సగం కూడా అక్కర్లేదు. తర్వాత వెనక బోల్టు. ఆఖరున క్లాంపు. బ్యాఫిల్ స్క్రూకు మామూలు లాక్ జిగురు వేడికి కరిగిపోతుంది. లాక్ వైరు కట్టుకోండి, లేకపోతే రోడ్డు మీద ఊడిపడుతుంది.

స్టార్ట్ చేసేముందు పైపంతా థిన్నర్ గుడ్డతో తుడవండి. గ్రీజు చేతి ముద్రలు ఉంటే మొదటి వేడికే కాలి, జన్మకు పోని మచ్చలవుతాయి. మొదటి పది పదిహేను నిమిషాలు తెల్లగా పొగ వస్తుంది. ఫ్యాక్టరీలో పూసిన నూనె, గ్లాస్ ఊల్ జిగురు కాలడమే అది. మూసిన వరండాలో మాత్రం ఇంజన్ తిప్పొద్దు.

లీకు చూడటానికి ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, సబ్బునీళ్ళు బ్రష్షుతో జాయింట్ల మీద రాయండి. ఇంకొకరు మందపాటి తోలు గ్లవుజు చేత్తో, తడిగుడ్డతో వెనక మూతిని రెండు మూడు సెకన్లు అదిమిపెడితే లీకున్నచోట బుడగలు వస్తాయి. హెడ్డు దగ్గర ‘టిక్ టిక్ టిక్’మని సూది కుట్టినట్టు శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గితే అది గాస్కెట్ లీకే. దాన్ని ట్యాపెట్ (ఇంజన్ లోపలి వాల్వుల దగ్గరి) శబ్దమనుకుని ఇంజన్ విప్పించుకున్నవాళ్ళు కూడా ఉంటారు. 50–100 కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ చల్లారాక, నట్లన్నీ ఒకసారి చూసుకోండి. కొత్త గాస్కెట్ నలిగి సర్దుకుంటుంది, నట్లు కాస్త వదులవుతాయి. జాయింటు చుట్టూ నల్లటి మసి గీత కనబడితే లీకు అక్కడే.

ఇక టపాకాయలు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సిలిండర్లో కాలని పెట్రోలు ఆవిరి కొంత పైపులోకి వస్తుంది. అక్కడ దానికి తాజా గాలి దొరికితే అంటుకుని పేలుతుంది. ఆ గాలి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది జాయింటు లీకు. ఒక్కో పేలుడు మధ్య పైపులో ఒత్తిడి తగ్గి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. రెండోది, పొగ శుభ్రం కావడానికి ఎగ్జాస్ట్ పోర్టులోకి గాలి పంపే వాల్వు. బీఎస్4 (పొగ నిబంధనల్లో ఒక దశ) బళ్ళలో ఇది మామూలే, దాని గొట్టం పీకి బిరడా పెట్టించుకోమని ఎవరైనా చెబితే వినకండి, అది పొగ ప్రమాణం కోసం పెట్టింది. మూడోది, పైపు మరీ ఓపెన్ అయి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గడం.

కాబట్టి పేలితే ముందు సబ్బునీళ్ళు, ఆ తర్వాతే కార్బురేటర్. లీకు లేదని తేలితే, పైలట్ స్క్రూకు (కార్బురేటర్ మీద గాలి, పెట్రోలు పాళ్ళు సర్దేది) సీలు లేకపోతే, ఇంజన్ వేడిగా ఉండగా దాన్ని పావుచుట్టు చొప్పున సర్ది చూడవచ్చు, అరచుట్టు దాటకుండా. మొదలుపెట్టేముందు అది ఎన్ని చుట్లు తెరిచి ఉందో లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత పది కిలోమీటర్లు తోలి ప్లగ్గు తీసి చూడండి. పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే బాగుంది. సుద్దలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలడంలేదు. ఎండాకాలం హైవే మీద అలాగే తోలితే వాల్వులు మాడతాయి. నల్ల మసి ఉంటే ఎక్కువైంది. బెండ్ పైపు హెడ్డు దగ్గర కాస్త బంగారు రంగు, నీలం తిరగడం మామూలే. బ్యాఫిల్ ఉంచి ఇలా సర్దితే చాలావరకు పేలుళ్ళు ఆగుతాయి. బ్యాఫిల్ పీకేస్తే పికప్ పెరుగుతుందనుకుంటారు గానీ, ఇలాంటి నిదానమైన ఇంజన్లలో కింది గేర్లలో లాగుడే తగ్గుతుంది.

మీది కార్బురేటర్ బండి కాబట్టి ఇంతటితో సరి. ఇది చదివే బీఎస్6 బండివాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: బెండ్ పైపుకు ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. కొత్త పైపులో దానికి అదే మరచుట్టు రంధ్రం ఉండాలి, ఎం12, ఎం18 రెండు రకాలున్నాయి. సెన్సర్ ముందు లీకుంటే గాలి ఎక్కువైందని కంప్యూటర్ పొరబడి పెట్రోలు పెంచేస్తుంది, మైలేజీ పడిపోతుంది.

చివరికి, ఆ చిల్లి ఎందుకు పడిందనేది. బయట ఉప్పు గాలి సగం కారణం, మిగతా సగం లోపలి నీళ్ళు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి. దూరం తోలితే సైలెన్సర్ వేడెక్కి ఆవిరి బయటికి పోతుంది. గుంటల దాకా పోయి వచ్చే కాస్త దూరానికి పైపు వెనక భాగం వేడెక్కదు. నీళ్ళు అడుగున నిలిచి, పొగలోని ఆమ్లం కలిసి, లోపలి నుంచి తినేస్తాయి. అందుకే చిల్లి ఎక్కువగా అడుగునే పడుతుంది.

‘స్టెయిన్‌లెస్’ మాటను కూడా పూర్తిగా నమ్మొద్దు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలనుకుంటారు. 304 గ్రేడుకు అంటుకోదు నిజమే, కానీ ఉప్పుకు తొందరగా తుప్పు పట్టే 202 గ్రేడుకూ అంటుకోదు. సైలెన్సర్లకు వాడే 409కి అంటుకుంటుంది, పైకి గోధుమరంగు తేలినా లోపల చాలాకాలం ఆగుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

వారానికోసారి నెల్లూరు పోతున్నారు గదా, అది సైలెన్సర్‌కు మందు లాంటిది. పైపు వేడెక్కి లోపలి తడి ఆరిపోతుంది. బీచి వైపు పోయొచ్చిన రోజున, పైపు చల్లారాక, మంచినీళ్ళతో కడగండి. కొత్త సైలెన్సర్ అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉంటుంది, పొద్దున స్టార్ట్ చెయ్యగానే దాంట్లోంచి నీటిచుక్కలు, కాస్త పొగ వస్తాయి. లీకనుకుని దాన్ని వెల్డింగ్‌తో మూయించొద్దు, నీళ్ళు బయటికి పోవడానికి పెట్టిన దారి అది. మసితో మూసుకుపోతే నెలకొకసారి సన్న తీగతో పొడిచి తెరిచి పెట్టుకోండి.